తీవ్ర ప్యాంక్రియాటైటిస్‌లో డ్రెయిన్ ద్రవంలో క్యాండిడా: ఈ ఫంగస్ ఎక్కడి నుంచి వచ్చింది, మందు మొదటి నుంచే ఎందుకు ఇవ్వరు?

చిగురాకు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పిత్తాశయంలో రాళ్ల కారణంగా మా అన్నయ్యకు తీవ్రమైన అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ (క్లోమం ఒక్కసారిగా వాచే జబ్బు) వచ్చింది. ఐసీయూలో నాలుగో వారం నడుస్తోంది. మొదటి వారంలోనే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రెండూ దెబ్బతినడంతో వెంటిలేటర్ మీద ఉంచారు, డయాలసిస్ కూడా చేశారు. తర్వాత కొంత తేరుకున్నాడు. వెంటిలేటర్ తీసేశారన్న సంతోషం నిలవకముందే మళ్లీ చలిజ్వరం మొదలైంది. క్లోమంలో చాలా భాగం చచ్చిపోయిందని, దాని చుట్టూ చేరిన ద్రవంలో గాలి బుడగలు సీటీ స్కాన్‌లో కనిపిస్తున్నాయని, అంటే అక్కడ ఇన్‌ఫెక్షన్ చేరిందని చెప్పి, మెరొపెనెమ్ అనే యాంటీబయాటిక్ కొనసాగిస్తూనే ఆ ద్రవాన్ని బయటికి తీయడానికి నడుము పక్క నుంచి డ్రెయిన్ గొట్టం వేశారు.

గొట్టం వేశాక తగ్గిన జ్వరం మళ్లీ పెరిగింది. డ్రెయిన్ ద్రవం కల్చర్‌లో (నమూనాలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) బ్యాక్టీరియాతో పాటు క్యాండిడా అనే ఫంగస్ కూడా పెరిగిందని క్యాస్పోఫంజిన్ అనే ఫంగస్ మందు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంతకుముందు కఫం కల్చర్‌లోనూ ఇదే క్యాండిడా వచ్చింది, కానీ అప్పుడు దానికి వైద్యం అవసరం లేదన్నారు. రక్తం కల్చర్‌లో మాత్రం ఇప్పటివరకు ఏమీ పెరగలేదు.

వైద్యులు ఓపికగానే మాట్లాడుతున్నారు, కానీ ఐసీయూ తలుపు దగ్గర దొరికే కొద్ది నిమిషాల్లో అన్నీ అడగలేకపోతున్నాను. ఇన్ని యాంటీబయాటిక్‌లు వాడుతుండగా ఈ ఫంగస్ ఎలా చేరింది? కఫంలో వచ్చినప్పుడు వదిలేసి, డ్రెయిన్‌లో వచ్చినప్పుడు ఎందుకు మందు ఇస్తున్నారు? రక్తంలో లేదు కనుక ఇది చిన్న విషయమే అనుకోవచ్చా? ఈ రంగం తెలిసినవారు వివరించగలరని ప్రార్థన.

క్రిటికల్ కేర్ వైద్యురాలు:

చిగురాకు గారూ, మీ అన్నయ్యను రోజూ చూస్తున్న వైద్యులకు తెలిసిన వివరాలు నాకు తెలియవు కనుక వారి నిర్ణయాలను ఇక్కడి నుంచి తూచలేను. ఈ జబ్బు నడిచే తీరు తెలిస్తే వారు చెప్పేది మీకు స్పష్టంగా అర్థమవుతుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

తీవ్ర ప్యాంక్రియాటైటిస్ సాధారణంగా రెండు దశల్లో ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి ఒకటి రెండు వారాల్లో అవయవాలను దెబ్బతీసేది సూక్ష్మజీవులు కావు, క్లోమంలో రేగిన వాపుకు ఒళ్లంతా స్పందించే తీరు. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం అవయవ వైఫల్యం 48 గంటలు దాటి కొనసాగితేనే దీన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ అన్నయ్య ఆ గండం దాటి వచ్చారు. రెండో దశ చచ్చిపోయిన కణజాలానిది. రక్తప్రసారం లేని ఆ కణజాలంలోకి శరీరపు రక్షక కణాలు గానీ, మనం ఎక్కించే మందులు గానీ సరిగా చేరలేవు. అందుకే అక్కడ ఏ సూక్ష్మజీవి చేరినా దానికి అడ్డు తక్కువ. క్లోమ కణజాలం చచ్చిన రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి, ఎక్కువగా రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య, ఆ భాగానికి ఇన్‌ఫెక్షన్ చేరుతుంది.

ఇక ఫంగస్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలా సందర్భాల్లో రోగి పేగుల నుంచే వస్తుంది. ఆరోగ్యవంతులలో చాలామంది నోటిలో, పేగుల్లో క్యాండిడా ఏ హానీ చేయకుండా ఉంటుంది. అక్కడ కోట్లాదిగా ఉన్న బ్యాక్టీరియా చోటునూ, ఆహారాన్నీ ఆక్రమించుకుని దాన్ని పెరగనివ్వవు. ప్యాంక్రియాటైటిస్ తొలి రోజుల్లో రక్తపోటు పడిపోయి పేగులకు రక్తం తగ్గినప్పుడు వాటి లోపలి పొర దెబ్బతింటుంది. నోటి ద్వారా ఆహారం అందక ఆ పొర మరింత బలహీనపడుతుంది. ఆ స్థితిలో బ్యాక్టీరియా, క్యాండిడా రెండూ పేగు గోడ దాటి పక్కనే ఉన్న మృత కణజాలాన్ని చేరగలవు. మెరొపెనెమ్ వంటి మందులు బ్యాక్టీరియాను చంపుతాయి, క్యాండిడాను తాకవు. అందువల్ల యాంటీబయాటిక్‌లు ఎన్ని రోజులు, ఎంత విస్తృతంగా వాడితే పేగుల్లో క్యాండిడాకు అంత ఖాళీ దొరుకుతుంది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: యాంటీబయాటిక్‌లు వాడుతున్నా రావడం కాదు, వాటి వాడకమే ఫంగస్‌కు దారి ఇచ్చిన కారణాల్లో ఒకటి.

దీనికి మిగతావి తోడవుతాయి. మెడలోని పెద్ద సిరలో పెట్టే గొట్టం (సెంట్రల్ లైన్), డయాలసిస్ క్యాథెటర్, సిర ద్వారా ఇచ్చే పోషకాహారం, క్లోమం దెబ్బతిన్నందువల్ల పెరిగే రక్తంలోని చక్కెర, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందులు, స్టెరాయిడ్లు, కడుపు మీద చేసే ప్రతి శస్త్రచికిత్స, లోపల పెట్టే ప్రతి గొట్టం క్యాండిడాకు అవకాశాన్ని పెంచేవే. వీటిలో చాలా వరకు రోగి ప్రాణం నిలపడానికి తప్పనిసరైనవి. ఐసీయూలో ఫంగస్ వచ్చిందనగానే కుటుంబసభ్యులు ఎవరి నిర్లక్ష్యం వల్ల వచ్చిందోనని వెతకడం నేను తరచూ చూస్తుంటాను. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ జబ్బులో ఫంగస్ రావడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు.

రక్తంలో లేదు కనుక చిన్న విషయమా అన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. కాదు. శరీరం లోపల క్యాండిడా ఇన్‌ఫెక్షన్ ఉన్నవారందరినీ కలిపి చూస్తే రక్తం కల్చర్ దాదాపు సగం మందిలోనే దాన్ని పట్టుకుంటుంది. కడుపు లోపల ద్రవం చేరిన గూడుకే పరిమితమైనప్పుడు ఇంకా తక్కువ మందిలో పట్టుకుంటుంది. రక్తం శుభ్రంగా ఉండటం మంచి సంగతే, ఎందుకంటే కళ్లకు, గుండె కవాటాలకు పాకే ప్రమాదం తగ్గుతుంది. కానీ క్లోమం చుట్టూ ఫంగస్ లేదని దాని అర్థం కాదు. మృత కణజాలానికి ఫంగస్ సోకిన రోగుల్లో మరణాలు, ఐసీయూలో గడిపే కాలం రెండూ ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి. అయితే ఫంగస్ సోకేది ఎక్కువగా అప్పటికే బాగా క్షీణించి, ఎక్కువ రోజులు ఐసీయూలో ఉన్నవారికే. కనుక ఆ తేడాలో ఫంగస్ వాటా ఎంత, అసలు జబ్బు వాటా ఎంత అని విడదీయడం కష్టం. ఆ అధ్యయనాల్లోని అంకెలు చదివి భయపడవద్దని అందుకే అంటున్నాను.

మైక్రోబయాలజిస్ట్:

కఫం, డ్రెయిన్ మధ్య తేడా గురించి నేను రాస్తాను. మా ల్యాబ్‌కు రోజూ వచ్చే ప్రశ్న అదే.

క్యాండిడా పెరిగిందన్న ఒక్క మాటకు అర్థం లేదు. ఏ నమూనాలో, ఎలా తీసిన నమూనాలో పెరిగిందన్నది తెలిస్తేనే దానికి విలువ. వెంటిలేటర్ మీద ఉండి, యాంటీబయాటిక్‌లు వాడుతున్న రోగి గొంతులో, శ్వాసనాళాల్లో క్యాండిడా చేరి ఉండటం సర్వసాధారణం. అది అక్కడ నివాసం ఉండటమే కానీ జబ్బు చేయడం కాదు. క్యాండిడా వల్ల నిజమైన న్యుమోనియా రావడం చాలా అరుదు కనుక కఫంలో వచ్చినంత మాత్రాన మందు ఇవ్వకపోవడమే సరైన పద్ధతి. మూత్రపు గొట్టం ఉన్నవారి మూత్రంలో కనిపించినప్పుడు కూడా చాలాసార్లు ఇంతే. రక్తం మాత్రం దీనికి పూర్తిగా భిన్నం. ఎన్ని సీసాలు పంపినా వాటిలో ఒక్కదానిలో క్యాండిడా పెరిగినా దాన్ని కలుషితమని కొట్టిపారేయకూడదు, వెంటనే చికిత్స మొదలుపెట్టాలి.

డ్రెయిన్ ద్రవం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అక్కడే పొరపాటు పడే అవకాశం ఎక్కువ. గొట్టం వేస్తున్నప్పుడే, శుభ్రమైన పద్ధతిలో, గూడులోంచి నేరుగా తీసిన ద్రవంలో క్యాండిడా ఉంటే అది ఆ గూడులో నిజంగా ఉన్నట్టే. ఎన్నో రోజులుగా ఉన్న గొట్టానికి తగిలించిన సంచిలోంచి తీసిన ద్రవంలో కనిపిస్తే, అది గొట్టం గోడలకు పట్టిన పొరలోది కావచ్చు, చర్మం మీది నుంచి లోపలికి పాకినదీ కావచ్చు. ప్లాస్టిక్ మీద క్యాండిడా బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుని స్థిరపడుతుంది. ఆ పొరలో ఉన్న ఫంగస్‌కు మందులు సరిగా తగలవు. సంచిలోంచి తీసిన నమూనా మీద నిర్ణయాలు తీసుకోవద్దని మేము పదేపదే చెప్పడానికి కారణం అదే. కనుక మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ నమూనా ఎప్పుడు, ఎక్కడి నుంచి తీశారన్నది.

రెండోది, అది ఏ జాతి క్యాండిడా అన్నది. క్యాండిడా ఆల్బికన్స్ అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, సాధారణంగా ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగుతుంది. క్యాండిడా గ్లాబ్రటా మీద ఫ్లుకొనజోల్ ప్రభావం తగ్గి ఉంటుంది, కొన్నిసార్లు అసలు పనిచేయదు. క్యాండిడా క్రూసై పుట్టుకతోనే ఫ్లుకొనజోల్‌కు లొంగదు. ట్రాపికాలిస్, పారాప్సిలోసిస్ కూడా కనిపిస్తాయి. 2009లో జపాన్‌లో మొదటిసారి వర్ణించిన క్యాండిడా ఆరిస్ అనేక మందులకు లొంగకపోవడమే కాక, ఆసుపత్రి పరిసరాల మీద నిలిచి ఒక రోగి నుంచి మరొకరికి పాకుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో అది అత్యంత కీలకమైన వర్గంలో ఉంది. క్యాండిడా ఆల్బికన్స్ కూడా అదే వర్గంలో ఉంది. ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ వంటి బూజు జాతి శిలీంధ్రాలు క్లోమంలో చాలా అరుదు.

కల్చర్‌లో జాతి తేలడానికి, మందులకు లొంగుతుందో లేదో చూడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపు సూక్ష్మదర్శిని కింద ద్రవాన్ని నేరుగా చూస్తే మొగ్గ తొడుగుతున్న ఫంగస్ కణాలు అదే రోజు కనిపించవచ్చు. బీటా-డి-గ్లూకాన్ అనే రక్తపరీక్ష గురించి కూడా మీరు వినవచ్చు. ఫంగస్ కణాల గోడలో ఉండే పదార్థాన్ని అది కొలుస్తుంది. అది నెగటివ్ వస్తే క్యాండిడా ఉండే అవకాశం బాగా తక్కువ అనుకోవచ్చు కానీ, పాజిటివ్ వచ్చిందని మాత్రం తొందరపడకూడదు. సెల్యులోజ్ పొరలతో చేసే డయాలసిస్, ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం, శస్త్రచికిత్సలో వాడిన గాజుగుడ్డ కూడా దాన్ని పెంచగలవు. మీ అన్నయ్యకు డయాలసిస్ జరిగింది కనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గాలి బుడగలు ఇన్‌ఫెక్షన్‌కు గుర్తే కానీ, అది బ్యాక్టీరియా వల్లనా, ఫంగస్ వల్లనా అన్నది సీటీ స్కాన్ చెప్పలేదు.

చిగురాకు:

ఇద్దరికీ ఎన్నో కృతజ్ఞతలు. ఈరోజు అడిగాను. నమూనా గొట్టం వేస్తున్నప్పుడే నేరుగా తీశారట. జాతి క్యాండిడా గ్లాబ్రటా అని తేలింది. అందుకే ఫ్లుకొనజోల్ కాకుండా క్యాస్పోఫంజిన్ ఎంచుకున్నామని చెప్పారు.

ఇంకో రెండు సందేహాలు నన్ను వదలడం లేదు. ఇంత ప్రమాదం ఉందని ముందే తెలిసినప్పుడు, యాంటీబయాటిక్‌లతో పాటే ఫంగస్ మందు కూడా మొదటి రోజు నుంచి ఇచ్చి ఉంటే ఈ పరిస్థితి తప్పేది కాదా? పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గడమే కారణమైతే, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ పొడులు గొట్టం ద్వారా ఇవ్వమని అడగవచ్చా?

క్రిటికల్ కేర్ వైద్యురాలు:

రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. దయచేసి అడగవద్దు. మీరు ఆలోచించినట్టే వైద్యులూ ఆలోచించారు. నెదర్లాండ్స్‌లో ప్రోపాట్రియా అనే క్లినికల్ పరీక్షలో, జబ్బు తీవ్రం కాగలదని అంచనా వేసిన ప్యాంక్రియాటైటిస్ రోగులకు గొట్టం ద్వారా ప్రోబయాటిక్‌లు ఇచ్చి చూశారు. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. మరణాలు మాత్రం ప్రోబయాటిక్ ఇచ్చినవారిలో 16 శాతం, ఇవ్వనివారిలో 6 శాతం. కొందరికి పేగులకు రక్తం అందక చచ్చుబడ్డాయి. ఎంతో సహజంగా తోచే ఆలోచన కూడా ఈ జబ్బులో ప్రాణాంతకం కావచ్చని ఆ పరీక్ష మాకు నేర్పింది. పేగు పొరను కాపాడటానికి తెలిసిన మంచి మార్గం, వీలైనంత త్వరగా సిర ద్వారా కాకుండా పేగు ద్వారానే, నోటితో గానీ ముక్కు గొట్టంతో గానీ, ఆహారం ఇవ్వడం. సిర ద్వారా పోషణ ఇచ్చినదానితో పోలిస్తే పేగు ద్వారా ఇచ్చినప్పుడు ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని తేలింది. మీ అన్నయ్యకు గొట్టం ద్వారా ఆహారం ఎంత నిలుస్తోందని అడగండి. అది అడగదగిన ప్రశ్న.

ఫంగస్ మందు ముందు జాగ్రత్తగా ఇవ్వడం గురించి: ప్యాంక్రియాటైటిస్ మీద అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు, క్లోమ నెక్రోసిస్ (క్లోమ కణజాలం చచ్చిపోవడం) మీద అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ 2020లో ఇచ్చిన సూచనలు రెండూ అందరికీ మామూలుగా ఫంగస్ మందు ఇవ్వవద్దనే చెబుతున్నాయి. నిజానికి ఇన్‌ఫెక్షన్ రాకముందే యాంటీబయాటిక్‌లు ఇవ్వడాన్ని కూడా అవి సమర్థించవు. చాలామందికి ఫంగస్ ఎప్పటికీ రాదు. అందరికీ ఇస్తే వారందరూ కాలేయం మీద, ఇతర మందుల మీద ఆ మందు చూపే ప్రభావాన్ని అనవసరంగా భరించాలి. పైగా లొంగే జాతులు పోయి, లొంగని జాతులు మిగులుతాయి. ఫ్లుకొనజోల్ విరివిగా వాడిన చోట గ్లాబ్రటా వంటి జాతుల వాటా పెరగడం ఐసీయూల్లో చాలాకాలంగా గమనిస్తున్నదే.

ఐసీయూ రోగుల్లో ఎంపిరికస్ అనే ఫ్రెంచ్ పరీక్ష 2016లో వెలువడింది. శరీరంలో పలుచోట్ల క్యాండిడా చేరి, అవయవాలు దెబ్బతిని, కారణం తెలియని సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి) ఉన్నవారికి మైకాఫంజిన్ అనే ఫంగస్ మందు ఇచ్చి చూశారు. కొత్తగా వచ్చే ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి కానీ, ఫంగస్ సోకకుండా 28 రోజులు బతికి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది ప్రత్యేకించి ప్యాంక్రియాటైటిస్ మీద చేసిన పరీక్ష కాదు కనుక దాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేము. అయినా మందు ముందే వేస్తే చాలన్న నమ్మకాన్ని అది బాగా తగ్గించింది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ఏ లక్షణమూ లేనివారికి ముందు జాగ్రత్తగా ఇవ్వడం వేరు, కడుపులో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తూ, యాంటీబయాటిక్‌లకు లొంగక, ఫంగస్‌కు అనువైన పరిస్థితులన్నీ ఉన్న రోగికి కల్చర్ ఫలితం రాకముందే మొదలుపెట్టడం వేరు. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం క్యాండిడా మీద 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండో పద్ధతిని సమర్థిస్తూ, అలాంటి పరిస్థితుల్లో నెక్రోసిస్‌తో కూడిన ప్యాంక్రియాటైటిస్‌ను పేరుపెట్టి చెప్పాయి. నా అభిప్రాయంలో ఈ రెండో సందర్భంలో వెనుకాడటం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. డ్రెయిన్ వేశాక, సరైన యాంటీబయాటిక్ నడుస్తుండగా రోగి మళ్లీ దిగజారుతుంటే ఆ యాంటీబయాటిక్‌ను ఇంకా పెద్దదానికి మార్చే ముందే ఫంగస్ సంగతి ఆలోచించాలి. మీరు చెప్పిన క్రమంలో మీ అన్నయ్య వైద్యులు చేసింది అదే అనిపిస్తోంది.

యాంటీబయాటిక్‌ల రోజులు తగ్గించడం కూడా ఫంగస్‌కు అడ్డుకట్టే. ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష ఆధారంగా వాటిని ఆపడమా, కొనసాగించడమా అన్నది నిర్ణయిస్తే, హాని పెరగకుండానే వాడకం తగ్గించవచ్చని 2022లో వెలువడిన ప్రోక్యాప్ పరీక్ష చూపింది.

గ్యాస్ట్రో సర్జన్:

పైవారు రాసినదంతా నిజమే. కానీ చర్చ మొత్తం మందుల చుట్టూ తిరుగుతోంది కనుక ఒక విషయం గట్టిగా చెప్పాలి. క్లోమం చుట్టూ గూడుకట్టిన ఇన్‌ఫెక్షన్‌ను ఏ ఫంగస్ మందూ ఒంటరిగా నయం చేయలేదు. రక్తం పారని చోటికి మందు చాలినంతగా చేరదు. కుళ్లినది బయటికి రావాలి.

గొట్టం వేశాక తగ్గిన జ్వరం మళ్లీ రావడానికి ఫంగస్ ఒక కారణం కావచ్చు. అయితే నేనైతే మొదట గొట్టాన్ని అనుమానిస్తాను. చచ్చిన కణజాలం నీళ్లలా ఉండదు, నానిన దూది ముద్దల్లా ఉంటుంది, సన్నటి గొట్టం దానితో పూడుకుపోతుంది. అందుకని రోజూ సెలైన్‌తో కడుగుతూ, అవసరమైతే లావుపాటి గొట్టానికి మారుస్తాము, స్కాన్‌లో ఇంకో గూడు మిగిలి ఉంటే అక్కడ మరొకటి వేస్తాము. రోజుకు ఎంత ద్రవం వస్తోంది, తాజా స్కాన్‌లో గూడు తగ్గిందా అన్న రెండు ప్రశ్నలు ఫంగస్ జాతి పేరు కంటే తక్కువవేమీ కావు.

ఒకప్పుడు ఇన్‌ఫెక్షన్ తేలగానే కడుపు తెరిచి చచ్చినదంతా తీసేవారు. నెదర్లాండ్స్‌లోనే చేసిన ప్యాంటర్ పరీక్ష 2010లో ఆ పద్ధతిని మార్చింది. ముందు గొట్టం వేసి, చాలకపోతేనే చిన్న కోతతో తొలగించే మెట్లవారీ పద్ధతిలో పెద్ద సమస్యలూ, మరణాలూ కలిపి చూస్తే తగ్గాయి, 35 శాతం మందికి గొట్టంతోనే సరిపోయింది. ఆ తర్వాత 2021లో వెలువడిన పాయింటర్ పరీక్షలో, గొట్టం కూడా వెంటనే వేయకుండా గూడు చుట్టూ గోడ ఏర్పడేదాకా ఆగినవారిలో దాదాపు 39 శాతం మంది యాంటీబయాటిక్‌లతోనే గట్టెక్కారు. ఆ గోడ గట్టిపడటానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. మీ అన్నయ్య ఇప్పుడు ఆ సమయానికే వచ్చారు కనుక, గొట్టంతో చాలకపోతే తర్వాతి మెట్టు ఎక్కడానికి ఇది మునుపటికంటే అనువైన కాలం.

ఆ మెట్టు జీర్ణాశయం గోడ గుండా ఎండోస్కోపీతో కావచ్చు. అప్పుడు జీర్ణాశయం నుంచి ఆ గూడులోకి దారి తెరుస్తాము కనుక జీర్ణాశయంలోని క్యాండిడా కూడా లోపలికి వెళ్లగలదు. మరో కారణంతో అవసరం లేకపోతే ఆ దశలో ఆమ్లాన్ని తగ్గించే మందులను ఆపేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. ఆమ్లం చచ్చిన కణజాలం కరగడానికి తోడ్పడుతుందన్నది అందులోని ఆలోచన. ఎండోస్కోపీ తర్వాత తీసే ద్రవంలో ఫంగస్ కనిపిస్తే, మైక్రోబయాలజిస్ట్ గారు చెప్పినట్టు, రోగి స్థితిని కూడా చూసి నిర్ణయించాలి. రోగి బాగా తేరుకుంటుంటే ఆ ఒక్క నివేదిక కోసం నేను మందు మొదలుపెట్టను.

క్లినికల్ ఫార్మసిస్ట్:

సర్జన్ గారి చివరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వెంటిలేటర్ లేకుండా, జ్వరం లేకుండా ఉన్న రోగికి అది సరే. కానీ అవయవాలు ఇంకా పూర్తిగా తేరుకోని రోగిలో శుభ్రంగా తీసిన నమూనాలో ఫంగస్ వస్తే వేచి చూడటం కంటే మందు మొదలుపెట్టి, కొన్ని రోజుల తర్వాత పునరాలోచించడం మేలని నా అనుభవం చెబుతోంది.

మందు గురించి మీకు పనికివచ్చేవి కొన్ని. క్యాస్పోఫంజిన్ మొదటి రోజు 70 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు 50 మిల్లీగ్రాములు ఇవ్వడం పెద్దలకు మామూలు మోతాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నా, డయాలసిస్ చేస్తున్నా మోతాదు మార్చనక్కరలేదు. కాలేయం బాగా దెబ్బతింటే మార్చాలి. ఇతర మందులతో చిక్కులు తక్కువ. దాని బలహీనత ఏమిటంటే కంటిలోకి, మెదడులోకి, మూత్రంలోకి సరిగా చేరదు. గ్లాబ్రటాలో క్యాస్పోఫంజిన్ వర్గానికి కూడా లొంగని రకాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి కనుక, గూడు బాగా ఖాళీ అయినా పరిస్థితి మెరుగుపడకపోతే ఆ మందుకు లొంగుతుందో లేదో చూసే పరీక్ష ఫలితం వచ్చిందా అని అడగండి. అప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ వంటివి పరిశీలిస్తారు. అది మూత్రపిండాలకు హాని చేయగలదు, పొటాషియం తగ్గిస్తుంది కనుక మీ అన్నయ్య వంటివారిలో చాలా జాగ్రత్తగా వాడాలి.

చిగురాకు:

ఈరోజు స్కాన్‌లో గూడు కొంత తగ్గింది. కానీ ఇంకో పక్క మిగిలి ఉందని రేపు గొట్టం మారుస్తామన్నారు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం నిలుస్తోంది. ఈ ఫంగస్ మందు ఎన్ని రోజులు ఇస్తారో, కంటి పరీక్ష అవసరమో కాదో చెప్పగలరా? ఎక్కడో చదివాను.

క్లినికల్ ఫార్మసిస్ట్:

కంటి పరీక్ష రక్తంలో క్యాండిడా పెరిగినవారికి తప్పనిసరిగా చేస్తారు, సాధారణంగా మొదటి వారంలో. వారికే రక్తం కల్చర్ శుభ్రమైన రోజు నుంచి, లక్షణాలు కూడా తగ్గితే, మరో 14 రోజుల చికిత్స అన్న నియమం ఉంది. సెంట్రల్ లైన్‌ను వీలైనంత త్వరగా తీసేయడం కూడా అందులో భాగమే. మీ అన్నయ్య రక్తంలో ఏమీ పెరగలేదు కనుక ఆ 14 రోజుల లెక్క ఆయనకు నేరుగా వర్తించదు. మళ్లీ జ్వరం వచ్చినప్పుడల్లా రక్తం కల్చర్ పంపుతున్నారో లేదో మాత్రం కనుక్కోండి. వాటిలో ఒక్కటి పాజిటివ్ వచ్చినా ఈ లెక్కంతా మారుతుంది, అప్పుడు కంటి పరీక్ష కూడా చేయాలి.

కడుపు లోపలి క్యాండిడాకు మార్గదర్శకాలు ఇన్ని రోజులని అంకె చెప్పవు. గూడు ఎంత ఖాళీ అయింది, రోగి ఎంత తేరుకున్నాడు అన్నదాన్ని బట్టి నిర్ణయించమంటాయి. రేపు మార్చే గొట్టం నుంచి కొత్త నమూనా నేరుగా తీసి ల్యాబ్‌కు పంపమని కోరండి. అందులో ఫంగస్ లేకపోయి, జ్వరం తగ్గి, తర్వాతి స్కాన్‌లో గూడు కుంచించుకుపోతే మందు ఆపడం గురించి వారు మాట్లాడతారు. ఒకవేళ కొత్త పరీక్షలో అది ఫ్లుకొనజోల్‌కు లొంగుతుందని తేలితే, మార్చే ముందు మోతాదు సరిపోతుందో లేదో, ఇతర మందులతో చిక్కు ఉందో లేదో చూస్తారు. ఎందుకంటే అది చాలా మందుల స్థాయిని రక్తంలో పెంచుతుంది, గుండె లయను కూడా మార్చగలదు.